పాత బోర్డులోని ఇరవై ఐదు అక్షరాలు

మా ఇంటికి వచ్చిన మొదటి కంప్యూటర్ కొత్తది కాదు. గోదావరిఖని నుంచి గని కార్మికుల సెంటినరీ కాలనీలోని మా క్వార్టర్‌కు అది పాత దుప్పటి చుట్టుకుని ఆటోలో వచ్చింది. నేను ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ప్రశ్నపత్రాలు బయట టైపు చేయిస్తే ఒత్తులూ దీర్ఘాలూ తారుమారై వచ్చేవి. వాటిని దిద్దే సమయంలో నేనే కొట్టుకోవచ్చు కదా అనిపించి, ఒక వేసవి సెలవుల్లో కంప్యూటర్ చేయించుకున్నాను.

చేసిచ్చింది చౌరస్తా వెనక సందులో పాత కంప్యూటర్ల దుకాణం నడిపే పెద్దాయన. నేను కాకా అని పిలుస్తాను. ఆయన ఒకప్పుడు గనిలో ఎలక్ట్రీషియన్. బొగ్గు మోసే టబ్బుల మధ్య నలిగి కుడిచేతి వేళ్లు రెండు పోయాక కంపెనీ ఆయన్ను పైన ఆఫీసులో వేసింది. అక్కడ కంప్యూటర్లు బాగుచేయడానికి వచ్చేవాళ్ల పక్కన నిలబడి చూసి చూసి పని నేర్చుకున్నాడు. రిటైరయ్యాక దుకాణం పెట్టాడు. మిగిలిన మూడు వేళ్లతో సన్నటి స్క్రూలను ఆయన తిప్పుతుంటే చూస్తూ ఉండిపోయేదాన్ని.

బిగిస్తూ ఒక్కొక్క భాగం పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. "ఈ డబ్బ మూతవడ్డ నెట్ సెంటర్ది. లోపలి మదర్‌బోర్డు ఒక బ్రాండు కంపెనీ మిషన్లకెల్లి తీసిన. డిస్కు ఏదో ఆఫీసు వేలంల వచ్చింది. ర్యామ్ ఎక్కడిదో నాకే యాదికి లేదు."

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి నేను అడగలేదు. డిస్కులో ముందే ఉంది. మీట నొక్కితే తెర వెలిగింది. నాకు అంతే కావాలి.

అర్ధసంవత్సర పరీక్షల ముందు, ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పేపరు కొడుతుంటే తెర కుడివైపు అడుగున మసక అక్షరాలు కనబడ్డాయి. సిస్టమ్‌ను యాక్టివేట్ చేసుకోమంటున్నాయి. మౌస్‌తో పట్టుకుందామంటే దొరకలేదు. మరునాటికి తెర వెనకున్న బొమ్మ పోయి నల్లగా అయింది. పని మాత్రం ఆగలేదు.

ఫస్టు షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయన చూసి, "గీ దానికి ఫికర్ ఎందుకు? ఎవరినన్న అడిగితె ఊకనె చేసిస్తరు" అన్నాడు. బడిలో లెక్కల సారు పెన్‌డ్రైవ్ ఇస్తానన్నాడు. అందులో ఏదో ఉందట, ఒక్కసారి నడిపితే చాలట. నాకు ఎందుకో సందేహం వచ్చి, శనివారం డబ్బాను మళ్లీ దుప్పట్లో చుట్టి కాక దగ్గరికి తీసుకెళ్లాను.

పెన్‌డ్రైవ్ మాట వినగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది పెట్టకు బిడ్డ. అది తాళం తియ్యది, తలుపే ఊడగొడ్తది. తర్వాత లోపలికి ఎవరొస్తరో నీకు తెల్వది." కాసేపు తెరకేసి చూసి, "అది సరె గని, ఇన్ని నెలలు అడగకుండ ఎట్ల నడిచింది మరి?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఇప్పుడెందుకు అడుగుతోందన్నదే తప్ప, ఇంతకాలం ఎందుకు అడగలేదని నేను ఆలోచించలేదు.

ఆయన ఒక ఆదేశం టైపు చేశాడు. చిన్న పెట్టెలో చాలా వరుసలు వచ్చాయి. కళ్లద్దాలు పైకి నెట్టి ఒక్కో వరుస చదివి, నవ్వాడు.

"డిస్కు వచ్చిన ఆఫీసు పెద్దది బిడ్డ. గసొంటి ఆఫీసులు ఒక్కొక్క మిషన్‌కు లైసెన్సు కొనయి, అన్నిటికి కలిపి తీసుకుంటయి. వాళ్ల తాన ఒక పెద్ద కంప్యూటర్ ఉంటది. మిగతయన్ని దానికి హాజరు చెప్పుకుంటుండాలె. ఆరు నెలలు హాజరు లేకుంటె పేరు కొట్టేస్తది. ఈ డిస్కు ఆఫీసు ఇడిశిపెట్టి వచ్చింది. దాని గడువు అయిపోయింది."

గని హాజరుపట్టీలో, మస్టర్లో పేరు పోవడమంటే ఏమిటో మా కాలనీలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కానీ కాక ముఖంలో నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "తప్పు నాదె. డిస్కు మొత్తం తుడిచి ఇయ్యాలె. నడుస్తున్నది గద అని అట్లనె పెట్టిన" అన్నాడు. నేను పరవాలేదన్నా ఆయన ఒప్పుకోలేదు.

"మరి దీనికంటూ సొంత లైసెన్సు ఏమీ లేదా కాకా?" అని అడిగాను.

ఆయన ఆలోచనలో పడ్డాడు. బోర్డు బ్రాండు మిషన్‌లోది. అలాంటి మిషన్లకు వెనకటికి డబ్బా మీద కాగితం అంటించేవారట. తర్వాత ఆ కాగితం మాని, లైసెన్సు అక్షరాలను బోర్డులోని ఒక చిన్న చిప్‌లోనే రాసి పంపడం మొదలుపెట్టారట. "ఉన్నదో లేదో అడుగుదాం పట్టు" అని ఇంకో ఆదేశం కొట్టాడు. ఒక క్షణం ఏమీ రాలేదు. తర్వాత నల్లటి తెర మీద ఐదేసి చొప్పున ఇరవై ఐదు అక్షరాలూ అంకెలూ వచ్చాయి. ఇన్ని నెలలు నేను ప్రశ్నలు కొడుతున్న కంప్యూటర్ అడుగున అవి ఎవరికీ చెప్పకుండా ఉన్నాయన్నమాట.

నా ఫైళ్లన్నీ వేరేచోట దాచి, కాక డిస్కును పూర్తిగా తుడిచి సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించాడు. మధ్యలో లైసెన్సు అడుగుతుందని నేను ఎదురుచూశాను. అడగలేదు. ఏ రకం సిస్టమ్ కావాలో కూడా బోర్డు అక్షరాలను బట్టి అదే ఎంచుకుంది. నా ఫోన్‌లోంచి నెట్ కలిపాక యాక్టివేట్ అయిందని ఒక్క వరుస వచ్చింది.

అప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. నాలుగు చోట్ల నుంచి వచ్చిన ముక్కల్లో ఏది ఉంటే ఇది ఇదే కంప్యూటర్? ఒక ఆదివారం డబ్బా తీసుకెళ్లి అడిగితే కాక చెప్పి ఊరుకోలేదు, చేసి చూపించాడు. ర్యామ్ మార్చాడు. కంప్యూటర్ ఏమీ అనలేదు. డబ్బా మార్చాడు. అనలేదు. ఉన్న డిస్కు తీసి, ఖాళీ డిస్కులో సిస్టమ్ ఎక్కించాడు. మళ్లీ తనంతట తానే యాక్టివేట్ అయింది.

"బోర్డు ఒక్కటి ఉంటె చాలు. మిగతయి ఏం పోయినా గుర్తువడ్తది" అన్నాడు. తర్వాత తన కుడిచేతిని చూసుకుని, "నాకూ రెండు వేళ్లు పోయినయ్. ఆధార్ల వేలిముద్ర పెట్టుమంటె ఎడమ చెయ్యి పెట్టిన. నువ్వు కాదు పో అనలేదు" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. మళ్లీ స్క్రూలు బిగించడంలో పడ్డాడు.

మరుసటి వానాకాలం మా బ్లాకు దగ్గర పిడుగు పడింది. ప్లగ్గు తీయడం మరిచిపోయాను. బోర్డు కాలిపోయింది. కాక ఇంకో పాత బోర్డు వేశాడు కానీ అది బ్రాండు మిషన్‌ది కాదు, అందులో అక్షరాలేమీ లేవు. డిస్కు అదే, ఫైళ్లు అవే, మసక అక్షరాలు మాత్రం మళ్లీ వచ్చాయి. హార్డ్‌వేర్ మార్చానని చెప్పుకునే దారి సిస్టమ్‌లోనే ఉంటే అదీ నొక్కి చూశాను, కుదరలేదు. సిస్టమ్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఓపికగా అంతా విని, "ఆ లైసెన్సు ఆ బోర్డుతో వచ్చింది మేడమ్, దానితోనే పోతుంది" అంది.

ఈసారి కాక నాతో వేరే రకం లైసెన్సు కొనిపించాడు. ఒక మిషన్ నుంచి తీసి ఇంకో మిషన్‌కు పెట్టుకోవచ్చు, ఒకసారికి ఒక్కదాంట్లోనే. దాన్ని నా మెయిల్‌కు కలిపి, "ఇది మిషన్ది కాదు, నీది. రేపు ఇంకో బోర్డు వేసినా నీ ఎంటనె వస్తది" అన్నాడు. ఆ తర్వాత తన దుకాణం నుంచి వెళ్లే ప్రతి డబ్బా లోపలా ఒక చీటీ అంటించడం మొదలుపెట్టాడు. లైసెన్సు బోర్డుదా, మనిషిదా, అసలు లేదా అని తెలుగులో రాసి ఉంటుంది. మొదటి చీటీలో అక్షరదోషాలు నేనే దిద్దాను.

కాలిన బోర్డును ఆయన పారేయలేదు. కొన్ని వారాలకు బజారుకు వెళ్లినప్పుడు చూస్తే, దాన్ని బల్ల మీద పరిచి, అందులోని చిప్‌కు చిన్న క్లిప్పు తగిలించి కూర్చున్నాడు. చిప్‌లో ఉన్నదాన్ని బోర్డుతో పని లేకుండా నేరుగా చదివే పరికరమట, కొత్తగా తెప్పించుకున్నాడు. తెర మీద అర్థంకాని గుర్తులు పేజీలకు పేజీలు పోయాయి. ఒకచోట ఆపి, వేలితో చూపించాడు. ఐదేసి చొప్పున ఇరవై ఐదు.

"దీంతో ఇంక ఏం పని కాకా?" అన్నాను.

"ఏం పని లేదు బిడ్డ" అన్నాడు, క్లిప్పును మెల్లగా ఊడదీస్తూ. "ఉన్నయో, కాలిపోయినయో చూద్దామనిపించింది."