తెల్ల చీర, ఎర్ర మాత్ర

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నేను చావను. టీబీ అనే మాట వినగానే జనం మొహాలు వాడిపోతాయి. అయ్యో పాపం అని నాలుక చప్పరిస్తారు. కొందరైతే ఆ చూపుతోనే నాకు పాడె కట్టేస్తారు. అంత శ్రమ ఎవరికీ వద్దు. గద్వాలలో నా మగ్గం గుంటలో కూర్చుని, రెండు చేతులూ ఆడిస్తూ, నేను బతికే ఉన్నాను. కాకపోతే ఆ గుంటలోకి మళ్లీ దిగడానికి ఎంత కొట్లాడానో ఎవరూ అడగరు. అందుకే నేనే చెబుతున్నాను.

పుట్టింది అమరచింతలో, నేతగాళ్ల ఇంట్లో. మెట్టింది గద్వాల, అదీ నేతగాళ్ల ఇల్లే. మా ఆయన మాత్రం మగ్గం ముట్టడు, గట్టు అనే ఊరి దాకా ఆటో నడుపుతాడు. మగ్గం నాదీ మా అత్తమ్మదీ. గద్వాల చీర ఒక్క మనిషితో అయ్యేది కాదు. నడుమంతా నూలు, అంచులు పట్టు. అడ్డ పోగు మోసే నాడె అంచు దాకా వచ్చిన ప్రతిసారీ నూలు పోగును పట్టు పోగుతో వేళ్లతో మెలేసి కలపాలి. నేను మగ్గం కింది గుంటలో కాళ్లు దింపి నడుమ కూర్చుంటే, అత్తమ్మ నా ఎడమ పక్కన మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుని ఆ పక్క అంచు కలిపేది; కుడి అంచు నాది. బుగ్గన ఎప్పుడూ ఆకు వక్క, నోటి నిండా నాకు తిట్లు. అంచు కలపడంలో మాత్రం ఆమె వేళ్లకు సాటి మా వీధిలో లేదు. ఆమె మీద ఎంత మంట ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

దగ్గు పట్టుకుని వదలకపోతే దవాఖానకు పోయాం. టీబీ అన్నారు, మందులిచ్చారు. రోజూ వేసుకోవాలి, ఒక్క రోజు కూడా తప్పకూడదు అన్నారు. మా వాడకు వచ్చే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఓపిగ్గా చెప్పింది.

"ఈ మాత్రలు ఏస్కుంటే ఒంటేలు ఎర్రగ వస్తది అక్కా. చెమట, కన్నీళ్లు గూడ జర రంగు మారుతయ్. పరేషాన్ గాకు, దానితోని ఏం గాదు."

నేను పరేషాన్ కాలేదు. మా అత్తమ్మ అయింది. అప్పుడు మగ్గం మీద పాలలాంటి తెల్ల చీర ఉంది. ఆమె ఒకసారి చీర వైపు చూసింది, ఒకసారి నా అరచేతుల వైపు చూసింది.

"గీమె చేతులు ఎప్పుడూ చెమటనే," అంది. "గా ఎర్ర చెమట తెల్ల నూలుకు అంటితే చీర ఎవరు ముడతరు? చీర దిగినంక ఏస్కో బిడ్డా. నాలుగు దినాలు ఆగితే కొంపేం మునగదు."

బయటివాళ్లకు ఇది పిచ్చిగా తోచవచ్చు. మా ఇంట్లో అది చాలా మామూలు మాట. పసుపు చేత్తో మగ్గం గడప తొక్కనివ్వని ఇల్లు మాది. కూరలో పోపు పెట్టి వచ్చినా సబ్బుతో చేతులు కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని కూర్చోవాలి. చీర మీద మచ్చ పడటం కన్నా పెద్ద ఆపద ఉంటుందని మాకెవరూ నేర్పలేదు. అందుకే నాకూ ఆ మాట సబబుగానే తోచింది. తెల్ల చీర మగ్గం మీద ఉంటే మాత్రలు డబ్బాలో. చీర దిగాక మాత్రలు నోట్లో. రంగు చీరలైతే ఇబ్బంది లేదు. కానీ ఆ పెళ్లిళ్ల కాలమంతా వరసపెట్టి తెల్లవీ, మీగడ రంగువీ అడిగారు. పైగా దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ఒళ్లు కాస్త తేరుకుంది. ఇంకేం, మాకు ధైర్యం వచ్చేసింది. ఆశా కార్యకర్త వచ్చి అడిగితే అత్తమ్మే గుమ్మంలో నిలబడి "ఏస్కుంటుంది, ఏస్కుంటుంది" అని పంపించేది.

దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి గుడ్డలో రక్తం పడింది. తెమడ పరీక్ష చేసి, మీరు వాడుతున్న మందుల్లో ముఖ్యమైనది ఇక మీ మీద పనిచేయదని చెప్పి, పాలమూరు పెద్ద దవాఖానకు రాసిచ్చారు.

అక్కడ డాక్టరమ్మ చిన్న వయసుది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మధ్యమధ్యల మందులు ఆపిన్రా అమ్మా?"

"ఆపిన మేడం."

"ఎందుకు?"

చెప్పాను. తెల్ల చీర, ఎర్ర చెమట, అత్తమ్మ మాట, అంతా చెప్పాను. ఆమె పక్కనున్న నర్సు ఫక్కుమంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నవ్వకు," అన్నాను. "రంగొస్తదని చెప్పిండ్రు. చెమటతోని పనిచేసుకునేటోళ్లు ఏం జెయ్యాల్నో చెప్పిండ్రా? చీర ఖరాబైతే నా ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలుగుతదో తెలుసా నీకు?"

నర్సు తల దించుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. మెల్లగా అడిగింది.

"ఇన్ని చీరలు నేసిన్రు గదా. మాత్రలు ఏస్కున్న దినాలల్ల రంగు చీరలు గూడ నేసిన్రు. ఒక్క చీరకన్న ఆ ఎరుపు అంటిందా?"

అంటలేదు. అంటుతుందో లేదో ఒక పాత గుడ్డ మీద చెయ్యి రుద్ది చూద్దామని కూడా నాకు గానీ మా అత్తమ్మకు గానీ తోచలేదు. పోగు కొంటే నీళ్లలో ముంచి రంగు దిగుతుందా లేదా అని చూస్తాం. అంత జాగ్రత్త గల మేము ఈ ఒక్కటీ చూడలేదు.

ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. మందు సగం సగం పడితే, చావాల్సిన పురుగుల్లో గట్టిది చావదు. మిగిలిన ఆ గట్టిదే పెరిగి ఆ మందును లెక్కచేయడం మానేస్తుంది. ఇప్పుడు వేరే మందులు కావాలి, అవి ఇంకా బరువైనవి, ఏడాది దాటి వాడాలి, ఒంటికి కష్టం చేస్తాయి. ఆ మాటలు వింటూ నేను నా చేతులనే చూసుకుంటూ కూర్చున్నాను. భయపడ్డాను. చాలా భయపడ్డాను. బస్సులో తిరిగి వస్తుంటే భయం పోయి కోపం మిగిలింది. పురుగు నాకన్నా మొండిదా? చూద్దాం అనుకున్నాను.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. మా ఆయనకూ అత్తమ్మకూ ఏమీ లేదు. కానీ గట్టి టీబీ అనే మాట అత్తమ్మ చెవిలో పడింది. నా కంచం వేరయింది, చెంబు వేరయింది. నా మాస్కు, నా మంచం విడిగా ఉండటం డాక్టరమ్మ చెప్పినవే, వాటికి నేనేమీ అనను. మగ్గం మీద పాత దుప్పటి కప్పింది చూడండి, అది నాకు గుచ్చుకుంది. కిటికీలు తెరిచి ఉంచమని దవాఖానలో చెప్పారు. మగ్గం ఇంట్లో కిటికీలు తెరవం మేము. ఎండు గాలి కొడితే పోగు పెళుసెక్కి తెగుతుంది. నేను తెరిచేదాన్ని, ఆమె మూసేది.

"గాలికి పోగులు తెగుతయే!"

"మగ్గం మీద పోగే లేదు గదా అత్తమ్మ, ఏం తెగుతది?"

కొత్త మందులు డాక్టరమ్మ చెప్పినదానికన్నా తక్కువేమీ చేయలేదు. కడుపులో తిప్పడం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, చెమటకు మళ్లీ అదే ఎరుపు. ఒళ్లు నల్లబడింది. మొహం, చేతులు, గోళ్ల మొదళ్లు కూడా. వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. నేను వాళ్ల ముందు నుంచే, కొంగు కప్పుకోకుండా, కావాలని మెల్లగా నడిచి పోయేదాన్ని. ఒకామె ఉండబట్టలేక అడిగింది.

"గిట్ల నల్లగైనవేంది పిల్లా?"

"మందు పనిచేస్తుంది అక్కా. రంగు ఖాయం, ఉతికినా దిగదు," అన్నాను.

అక్కడి దాకా బాగానే ఎగిరాను. తర్వాత ఆ మందుల వల్లే వేళ్లు మొద్దుబారడం మొదలైంది. ముందు అరికాళ్లలో చీమలు పాకినట్టు, తర్వాత చేతివేళ్ల కొసల్లో. ఒక మధ్యాహ్నం పట్టు పోగు తీసుకుని చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి కళ్లు మూసుకున్నాను. పోగు ఉందో లేదో తెలియలేదు. అంచు కలిపేది కళ్లతో కాదు, వేళ్లతో. ఆ రోజు నేను ఏడ్చాను. టీబీ అని చెప్పిన రోజు కూడా అంత ఏడవలేదు. బతికి, మగ్గం పోతే, ఆ బతుకు నాకెందుకు?

రెండు దారులు కనిపించాయి. ఒకటి, నాకు తెలిసిన పాత దారి: ఎవరికీ చెప్పకుండా మాత్రలు పక్కన పెట్టేయడం. రెండోది, డాక్టరమ్మకు చెప్పడం. చెబితే ఉన్న ఈ మందు కూడా ఆపేస్తారేమో, పురుగు గెలుస్తుందేమో అని దడ. మా ఆయన ఆటో తుడుచుకుంటూ విన్నాడు.

"నువ్వు ఊకె ఉండి ఎన్నడు బాగుపడ్డవ్?" అన్నాడు. "పద, మల్ల కొట్లాడుదువు."

డాక్టరమ్మ ఆపలేదు. నా వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసి, వేళ్లను మొద్దుబారుస్తున్న ఒక్క మందు మోతాదు తగ్గించింది, నరాలకు వేరే మాత్ర కలిపింది. చెప్పకుండా ఆపి ఉంటే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు, నాకు చెప్పాల్సిన పనీ లేదు. కాళ్లలో తిమ్మిరి ఇప్పటికీ కొంచెం ఉంది. చేతివేళ్లకు మాత్రం పోగు మెల్లమెల్లగా తిరిగి తెలియసాగింది. ఆ తర్వాత తెమడ పరీక్షల్లో పురుగు కనిపించడం మానేసింది. నీ వల్ల ఇప్పుడు ఎవరికీ అంటదు, అందరితో కూర్చోవచ్చు, పని చేసుకోవచ్చు, మందులు మాత్రం చివరి దాకా వాడాల్సిందే అంది డాక్టరమ్మ. ఆ మాట ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె వక్క నములుతూ గోడ వైపు చూసింది.

నేను దుప్పటి తీసి దులిపాను. మా ఆయనను నిలువు పోగుల పడుగు తెమ్మన్నాను.

"ఏ రంగు?" అన్నాడు.

"తెల్లది."

"ఎర్రదో నీలందో తెస్త. కోపమొస్తది ఆమెకు."

"తెల్లదే కావాలె."

పొద్దున కిటికీలు రెండూ తెరిచాను. పోగులు పెళుసెక్కకుండా పడుగు కింద తడి గోనె పరిచాను. అందరూ చూస్తుండగా మాత్రలన్నీ మింగి, నల్లటి చేతులు కడుక్కుని, గుంటలో దిగాను. పక్కన ఎవరూ లేరు. నడుమ నాడె విసిరి, గుంటలోంచి లేచి, ఎడమ పక్కకు పోయి అంచు నాడె విసిరి, పోగులు మెలేసి, మళ్లీ వచ్చి గుంటలో దిగేదాన్ని. మా వీధిలో ఎవరైనా అలా నేస్తే నేనే నవ్వేదాన్ని. పొద్దంతా నేస్తే జానెడు కూడా కాలేదు. మోకాళ్లు పట్టేశాయి. అయినా మర్నాడు దిగాను, ఆ తర్వాతి రోజూ దిగాను. అత్తమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నట్టు ఉండేది. ఒక శేరు బియ్యాన్ని పొద్దున నుంచి సాయంత్రం దాకా ఏరే మనిషిని నేను ఆమెనే చూశాను.

ఇంకో రోజు ఉన్నట్టుండి చాట నేల మీద పడేసిన చప్పుడయింది. విసవిసా వచ్చి అంచు మీద వేలు పెట్టి లాగింది.

"గిదేం కలుపుడే? ఎలకలు కొరికినట్టుంది. గీ అంచు జూసి గీ ఇంటి నేత అంటరా ఎవరన్న? జరుగు!"

జరిగాను. ఆమె తన చోట కూర్చుంది. మోచెయ్యి మోచేతికి తగిలింది. వెనక్కి తీసుకుంటుందేమో అని చూశాను. తీసుకోలేదు. ప్రేమతో వచ్చిందని నేను అనను. నా అంచు చూడలేక వచ్చింది. ఎలా వచ్చినా వచ్చింది, నాకు అది చాలు. ఆ రోజు నుంచి తిట్లూ నేతా పాత జోరులో సాగాయి. నేను రోజూ పొద్దున మాత్రలు మింగాను, ఆమె రోజూ చూసింది.

చీర దిగింది. అరుగు మీద ఎండలో పరిచాం. అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఒక కొస నుంచి వెతకడం మొదలుపెట్టింది. నేను పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. సగం దాటాక ఆమె వేలు ఆగింది.

"ఇగో! జెప్పలేదా నేను? ఇగో ఎరుపు!"

నిజమే, ఆవగింజంత ఎర్ర చుక్క. వంగి చూశాను. చుక్క ఉన్నది ఎడమ అంచు పక్కన. నా చెయ్యి పోయే చోటు కాదది. ఆమె కూర్చునే చోటు. నేను ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి, వక్క రసం తుడిచి తుడిచి ఎర్రబడిన బొటనవేలును ఆ చుక్క పక్కన పెట్టాను.

"మాత్ర రంగు గాదత్తమ్మ," అన్నాను. "నీ వక్క రంగు."

ఆమె చాలాసేపు ఆ వేలునే చూసుకుంది. లోపలికి పోయి నీళ్లూ సబ్బూ తెచ్చి, గుడ్డ కొసతో మెల్లగా అద్ది ఆ చుక్క తీసేసింది. నన్ను ముట్టనివ్వలేదు. ఆ సాయంత్రం వక్క డబ్బా మగ్గం గదిలోంచి వంటింట్లోకి పోయింది.

మర్నాడు మళ్లీ తెల్ల పడుగే ఎక్కించాం. నేను గుంటలో దిగి నాడె చేతికి తీసుకున్నాను. అత్తమ్మ వచ్చింది, కానీ తన చోట కూర్చోలేదు. ఒక చేతిలో నా మాత్రలు, ఇంకో చేతిలో నీళ్ల చెంబు. అది నా వేరు చెంబు కాదు, ఆమె తాగేది.

"ముందుగాల ఇవి ఏస్కో. నాడె తర్వాత పట్టుదువు."

"మగ్గం మీద తెల్లది ఉంది గదా అత్తమ్మ," అన్నాను నేను.

"ఉండనీ," అంది.