ఆ స్టెప్పు అతనిది కాదు

నా స్నేహితురాలి అన్న డాక్టరు చదువుకని చైనా పోయాడు. మొదటిసారి సెలవులకు దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ నిండా వీడియోలు తెచ్చాడు. అన్నీ ఒకే చైనా కుర్రాడివి. మాకంటే కాస్త పెద్దవాడు, అంతే. ఏదో టీవీ పోటీలో పియానో వాయిస్తూ పాడి, గెలవకుండానే ఇంటిదారి పట్టినవాడు.

"అప్పుడు వాణ్ణి ఎవరూ పట్టించుకోలేదంట. ఇప్పుడు మా కాలేజీలో అమ్మాయిల గదుల నిండా వాడి పోస్టర్లే," అన్నాడు అన్న.

ఆ వీడియోలు వరసగా చూస్తుంటే కళ్లముందే ఒక మనిషి ఎదుగుతున్నట్టు ఉండేది. మొదటిదాంట్లో వదులు చొక్కా, వణికే గొంతు. తర్వాతిదాంట్లో డాన్స్ మొదలుపెట్టాడు, కాళ్లు తడబడ్డాయి. ఇంకోదాంట్లో ఆ తడబాటు లేదు. ఆ తర్వాత ఒక సీరియల్లో హోటల్ వంటవాడి కొడుకుగా నటించాడు. పాటలు కూడా తనే కట్టుకునేవాడట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మాకు అతను 'మనోడు' అయిపోయాడు.

అప్పుడు మేమిద్దరం ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్లది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వాళ్ల నాన్న కోచింగ్ సెంటర్లో లెక్కల లెక్చరర్. మాది అల్మాస్‌గూడ. మా నాయిన ఆర్టీసీ కండక్టర్. నా స్నేహితురాలికి మంచి గొంతు ఉండేది. నాకు ఆట వచ్చు.

"ఆ సింగర్ ఒక్కడే అన్నీ చేస్తాడు. మనిద్దరం కలిస్తే గానీ ఒక ఆయన అవ్వం," అనేది తను.

తెలంగాణ కోసం బందుల మీద బందులు జరుగుతున్న రోజులవి. కాలేజీ ఉండేది కాదు. బస్సులు నడిచేవి కావు, మా నాయిన సమ్మెలో ఉన్నాడు. పొద్దున్నే ఎల్‌బీ నగర్ చౌరస్తాలోని సమ్మె టెంటుకు పోయి కూర్చునేవాడు. నేను కొంత నడిచి, కొంత ఎవరి బండో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ చేరేదాన్ని. "ఇంత దూరం ఎలా వచ్చావమ్మా, ముందు టిఫిన్ తిను," అని వాళ్లమ్మ ప్లేటు చేతిలో పెట్టాకే మమ్మల్ని డాబా మీదికి పోనిచ్చేది.

ఎప్పటికైనా స్టేజీ ఎక్కాలని మేం ఎంచుకున్న పాట మధ్యలో అతను మైకు వదిలేసి పియానో ముందు కూర్చుంటాడు. మాకు పియానో ఎక్కడిది? అంతసేపు స్టేజీ మీద ఏం చెయ్యాలో తోచలేదు. ఒక సాయంత్రం నాయినకు అన్నం తీసుకుపోయినప్పుడు టెంటు ముందు డప్పులు కొడుతూ ఆడుతున్నారు. మోకాలు వంచి, మడమతో నేలను గుద్ది, భుజం తిప్పి వెనక్కి జరిగే అడుగు. మర్నాడు దాన్ని ఆ పియానో ముక్కకు వేసి చూపించాను.

తను పడీపడీ నవ్వింది. "చైనా పాటకి డప్పు దరువేంటే?"

"జర నువ్వేసి చూడే, ఎట్ల కుదుర్తదో."

వేసింది. అతికినట్టు కుదిరింది. భుజం తిప్పడం మాత్రం తనకు ఒక పట్టాన రాలేదు. వెనక నిలబడి, రెండు చేతులతో పట్టుకుని తిప్పి మరీ నేర్పాను.

ఒక టీవీ చానల్ వాళ్లు పాట, ఆట కలిపి పోటీ పెట్టారు. సెలక్షన్లు హయత్‌నగర్ దాటాక ఒక ఫంక్షన్ హాల్లో. జంటగా పేర్లిచ్చాం. నాకు ఫోన్ లేదు కాబట్టి తన నంబరే ఇచ్చాం. ముందురోజు సాయంత్రం తను మా అమ్మ ఫోన్‌కు చేసింది.

"ఏమే, రేపు బంద్ కదా, సెలక్షన్లు వాయిదా వేశారంట. మళ్లీ ఎప్పుడో చెప్తారంట."

నిజమే అనుకున్నాను. అనుమానించడానికి ఏముంది?

మర్నాడు పొద్దుగూకే వేళకు నాయిన టెంటు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు. "నీ దోస్తు కనపడ్డది బిడ్డా. వాళ్ల నాయిన కార్ల తీస్కపోతున్నడు. మనోళ్లు ఆపి అద్దాలు కొడుతున్నరు. పిల్ల ఏడ్సుకుంట పరీక్ష ఉన్నదన్నది. నేనే ముంగట వడి, మా బిడ్డ దోస్తు, పోనియ్యుండ్రి అని పంపిన. నీకు లేదా గా పరీక్ష?"

"కోచింగ్‌ల ఏదో ఉంటది నాయినా," అన్నాను.

కొన్నాళ్లకు ఒక ఆదివారం అన్నాలు తింటున్నాం. టీవీలో తను. వెండిరంగు కోటు, మా పాట. ఒక్కతే. పియానో ముక్క వచ్చేసరికి మోకాలు వంచింది, మడమతో గుద్దింది, భుజం తిప్పింది. నా చేతులు దాని భుజాల మీద ఉన్నట్టే అనిపించింది.

"ఈ స్టెప్పు భలే ఉందమ్మా, ఎవరు నేర్పారు?" అని అడిగాడు జడ్జి.

"ఇది ఆ చైనా సింగర్‌దేనండీ. ఆయన వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాను."

నాయిన ముద్ద చేతిలో పట్టుకుని టీవీ వైపు చూశాడు. "ఇది మన డప్పు అడుగు గద?" అని, "గా దినం కార్ల పోయింది దీనికేనా బిడ్డా?" అన్నాడు. తలూపాను. ముద్ద కంచంలో వదిలేసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడే వాళ్లింటికి పోయాను. తనే తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"వాయిదా పడ్డదన్నవ్."

"డాడీ ఒప్పుకోలేదే. టెంట్‌లో కూర్చునేవాళ్లమ్మాయితో నీకు స్టేజీ ఏంటన్నారు."

"గా టెంటోడే మీ కారు కొట్టకుండ అడ్డం నిలవడి పంపిండు."

తల దించుకుంది. "డాడీకి తెలుసు. ఇంటికొచ్చాక చెప్పాను."

"మరి?"

"ఒక్కళ్లే అన్నీ చేస్తేనే గుర్తిస్తారన్నారు. ఆ సింగర్ కూడా ఒక్కడేగా పైకొచ్చాడు."

"సరే. స్టెప్పు ఆయనదని ఎందుకు చెప్పినవ్?"

"నీ పేరు చెప్తే, ఆ అమ్మాయి ఏదీ అని అడుగుతారుగా."

లోపల్నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "ఎవరే వచ్చింది?"

"ఎవరూ కాదమ్మా," అంది తను, నా ముఖంలోకి చూస్తూనే.

మెట్లు దిగి వచ్చేశాను. ఏడుపు మాత్రం కొత్తపేట దాటాకే వచ్చింది.

ఆ వారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ఆ సింగర్ వీడియోలన్నీ మళ్లీ చూశాను. ఎక్కడైనా నిజంగానే వేశాడేమో, నేనే మరిచిపోయానేమో అని. నా సొంత అడుగు మీద నాకే అనుమానం పుట్టించింది తను. ఎక్కడా లేదు. ఆ చోటుకు వచ్చేసరికి ప్రతిసారీ పియానో ముందు కూర్చునే ఉన్నాడు, తలొంచుకుని, లోకంతో పని లేనట్టు. అతని తప్పేం లేదు. అయినా ఆ తర్వాత అతన్ని చూడబుద్ధి కాలేదు. సినిమాల్లోకి పోయాడని, పెద్ద పెద్ద స్టేడియాలు నిండుతున్నాయని ఎవరో చెబితే విన్నాను.

పోటీలో తను రెండు రౌండ్లు దాటి మూడోదాంట్లో పోయింది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక సొంత జిల్లాకు పోతారేమో అనుకున్నాం గానీ వాళ్లు ఎక్కడికీ పోలేదు, అదే ఫ్లాట్‌లో ఉన్నారు. ఒకసారి రోడ్డు అవతలి నుంచి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.

నాయిన ఆ సంగతి ఇంట్లో మళ్లీ ఎత్తలేదు. కానీ తర్వాతి బందుల్లో ఏ పిల్లయినా పరీక్ష ఉందంటే, పోనిచ్చే ముందు హాల్‌టికెట్ చూపించమని అడిగేవాడట. ఆయనతో టెంటులో కూర్చున్న ఇంకో కండక్టర్ చాన్నాళ్లకు ఈ మాట నాతో అన్నాడు.