పోయొస్తానని చెప్పిన కంప్యూటర్

ఎనభైల చివర్లో మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. సెంటరంటే మిద్దె మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, అవి వేడెక్కకుండా ఒక ఫ్యాను. ఫ్యాను మాకు కాదు. పిల్లకాయలు లేనప్పుడు మనిషితో మాట్లాడే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. దానికి తెలుగక్షరాలు రావు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు. మాటలన్నీ మా అమ్మవే. మొదట "తింటివా?" అంటుంది. బాగలేదంటే "యాల బాగలేదు?" అని కారణం అడుగుతుంది. చాలని కొడితే "పోయొస్తా" అని ఆగిపోతుంది. మన మాటే మనకు తిప్పి అడగడం తప్ప దానికేమీ తెలియదు. అయినా నా గొప్ప నాకుండేది.

ఆ ఏడే మా బావ పోయాడు. కుప్పంలో కూరగాయలు కొని రైల్లో బెంగళూరుకు వేసే వ్యాపారం ఆయనది. తెల్లవారకముందే ఇంట్లోంచి బయల్దేరి, కుప్పం స్టేషన్‌లో గుండె ఆగి కూలిపోయాడు. అక్క పుంగనూరులో ఒక ఆఫీసులో టైపిస్టు. సెలవు పెట్టి మా ఇంటికొచ్చింది. నెలలు గడిచినా నోరు విప్పలేదు. పలకరించడానికొచ్చినవాళ్లు కాసేపు కూర్చుని, చావింటి ఆచారం కదా, చెప్పకుండా లేచి వెళ్లిపోయేవాళ్లు. అక్క ఇక మాకు దక్కదేమోనని భయమేసింది.

ఒక ఆదివారం సెంటర్‌కు తీసుకెళ్లాను. "నీకు టైపొచ్చు గదక్కా, దీన్ని సూడు" అని కూర్చోబెట్టి, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. చాలాసేపు మీటల చప్పుడు వినిపించింది. ఆగాక వెళ్లి చూస్తే తెర మీద చివరి మాట "పోయొస్తా".

చావు జరిగిన ఇంటివాళ్లతో ఆ మాట అంటే, మళ్లీ చావుకే వస్తానన్నట్టు. చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాసేటప్పుడు నాకు తట్టనే లేదు.

"తప్పయిపాయక్కా. తీసేస్తా."

"తీయొద్దప్పా" అంది. ఎన్నాళ్లకో విన్న గొంతు. "మీ బావ నన్ను లేపకుండానే పాయ. వచ్చినోళ్లంతా సెప్పకుండానే పోతాండారు. ఇదొకటే సెప్పింది."

అని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. ఆమె దుఃఖం తెలిసిన మేమంతా ఆచారం తప్పకుండా నడుచుకున్నాం. ఆమెకు ఏం కావాలో ఒక్కరమూ అడగలేదు.

ఆ మాట తీయలేదు. పై వారం అక్క పుంగనూరు బస్సుకు సంచి సర్దుకుంది. గడప దాటాక వెనక్కి తిరిగి, "పోయొస్తానమ్మా" అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మంచిదని తలూపింది.