కీ ఇచ్చే చెయ్యి

హిందూపురంలో వెంకటరాముడి గ్రామఫోను అంగడికి కొత్త నాటకం ప్లేట్లు వస్తే, ఈశ్వరప్ప విని బాగుందనందే ఎవరూ కొనేవారు కాదు. ఒకప్పుడు రాజు వేషాలు కట్టిన ఈశ్వరప్ప, ప్లేటు తిరుగుతుంటే వాద్యగాళ్లనూ గాయకులనూ ఒక్కొక్కరినే ఉతికి ఆరేసేవాడు.

1936లో నాటకాలాడే పెనుకొండ నీలావతి తన మొదటి ప్లేటు వినడానికి తానే వచ్చి కూర్చుంది. పద్యం సగానికి వచ్చేసరికి గొంతు జారసాగింది.

“ఈయమ్మ బావిలోకి దిగుతాంటే, పాపం, హార్మోనియం కూడా ఎనకాలే దిగుతాండాది!” అన్నాడు ఈశ్వరప్ప. అంగడంతా గొల్లుమంది. నీలావతి తలదించుకుని వెళ్లిపోయింది. మళ్లీ ముఖానికి రంగు పూసుకోలేదు.

ఆమె వెళ్లాక వెంకటరాముడు నాలుక కరుచుకున్నాడు. “కీ సగమే ఇచ్చినానప్పా, ప్లేటు తిరిగేది నిదానమైపాయ. హార్మోనియం యాడన్నా శ్రుతి దిగుతాదా? మనకు తట్టనేలేదే!”

నిండుగా కీ ఇచ్చి మళ్లీ పెడితే, ఆ గొంతు లాగి కట్టిన తీగలా నిలబడింది.

“ఆయమ్మకు కబురు చేద్దామా?”

“చేసి? ఈశ్వరప్పకు చెవుల్లేవని ఊరంతా చెప్పుకోవల్లనా?” అన్నాడు ఈశ్వరప్ప.

ఆనాటి నుంచి కీ ఇచ్చే పని ఈశ్వరప్పే తీసుకున్నాడు. నచ్చినవాళ్లకు నిండుగా ఇచ్చేవాడు, గిట్టనివాళ్లకు సగం. ధర్మవరం నుంచి, గోరంట్ల నుంచి వచ్చిన గొంతులెన్నో ఆ సగం కీతోనే మూగబోయాయి.

1941లో ఈశ్వరప్ప పాడిన ప్లేటు వచ్చింది. అంగడి కిటకిటలాడింది. ఇక తిరగదన్నంతవరకూ కీ తిప్పాడు. పద్యం సగానికి రాగానే అతని గొంతు దిగిపోయింది.

హార్మోనియం మాత్రం ఉన్నచోటే ఉంది.