ఊపిరి వేడి

విదేశీ లేజర్లు అప్పుడప్పుడే మన కాలేజీల దాకా వస్తున్న రోజులవి. వేలూరులో నేను పరిశోధన చేసిన ల్యాబులో ఒక అక్క సహాయకురాలు. రోజూ గుడియాత్తం నుంచి బస్సులో వచ్చేది. సన్నని గాజుతీగ కొసను మంటలో కరిగించి ఇసుక రేణువంత పూస చేసేది. పూస దగ్గరున్నంతసేపూ ఊపిరి బిగబట్టేది.

ఆ పూసలోకి పంపిన కాంతి లోపలే గిరగిరా తిరుగుతుంది. అన్ని రంగుల్లోంచి పూస ఒక్కదాన్ని పట్టి వేరుచేస్తుంది. నాకేమో అది ఒక్క రంగు దగ్గర నిలిచేది కాదు. ఏడాది చూసి, ఇక మానేస్తానని అక్కతో అన్నాను.

"నువ్వు వంగి చూస్తేనే మారతా ఉండాది అప్పా. నీ ఊపిరి వేడి తగలతాది దానికి."

"ముందే చెప్పొచ్చు గదక్కా?"

"నన్ను ఎవురు అడిగినారు?"

నాకు సిగ్గేసింది. వెనక్కి జరిగితే రంగు నిలిచింది. తర్వాత పక్కనే చిన్న హీటరు తీగ పెట్టి, వేడి పెంచుతూ తగ్గిస్తూ కావలసిన రంగును పట్టగలిగాం.

ఈ పని మీద రాసిన పరిశోధన వ్యాసంలో ఆమె పేరు వేద్దామంటే మా సారు ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా అడగలేదు. వ్యాసం అచ్చయిన పత్రిక వచ్చినాక అక్క చేయి తుడుచుకుని అందుకుంది.

"నేను చెప్పింది యాడుంది అప్పా?"

వేడిని బట్టి రంగు మారడం చూపే గ్రాఫు తీసి చూపించాను. అందులోని గీత మీద మెల్లగా వేలు పోనిచ్చి, "బాగుండాది" అంది. పేరు సంగతి అడగలేదు.