జగ్గమ్మత్త చప్పిడి పత్యం

మా ఊళ్లో ఎవరికి కడుపు చెడినా మొదటి కబురు జగ్గమ్మత్తకే వెళ్తుంది. నేను పన్నెండేళ్లుగా ఈ ఊరికి ఆశా కార్యకర్తను. సంచీలో ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు బిళ్లలు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతాను. అయినా నాకందేది రెండో కబురే. ఈ విషయంలో ఆవిడ మీద నాకున్న కోపం దాచుకోను.

శ్రీముఖలింగం దాటి వంశధార గట్టు వెంట కొంత దూరం వెళ్తే మా ఊరు. జగ్గమ్మత్త వాళ్లది వరి పండించుకునే కుటుంబం. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తల్లో భర్తకు టైఫాయిడ్ వచ్చిందట. నెలన్నర ఉప్పు తగలనివ్వకుండా చప్పిడి గంజి పోసి మనిషిని లేపి కూర్చోబెట్టిందని చెబుతారు. అప్పుడు వేయించిన సూదులు ఎవరికీ గుర్తు లేవు, గంజి మాత్రం గుర్తుంది. ఆనాటి నుంచి ఊరికి పత్యం పెట్టేది ఆవిడే. ఎవరు ఎన్నాళ్లు చప్పిడి తినాలో, బీరకాయ కూర ఏ రోజు తినొచ్చో ఆవిడ చెప్పాలి. పత్యం విడిచే రోజు మొదటి ముద్ద ఆవిడ చేత్తోనే పెట్టాలి. మా ఆయన కూడా అపెండిక్స్ ఆపరేషనయ్యాక, డాక్టరు తినమన్న ఇడ్లీ పక్కన పెట్టి ఆవిడ కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆశా కార్యకర్త మొగుడు! ఇంక నేనెవరికి చెప్పుకోను?

పోయిన శ్రావణంలో ఆవిడ మనవరాలు దీపికకే విరేచనాలు పట్టుకున్నాయి. రెండేళ్ల పిల్ల. పుట్టడమే తక్కువ బరువుతో పుట్టింది, అంగన్‌వాడీలో ఎప్పుడు తూచినా వయసుకు తగ్గ బరువుండేది కాదు. మొదటి రోజే వెళ్లి పొట్లాలిచ్చి, లీటరు నీళ్లలో ఎలా కలపాలో తల్లి యమునకు చూపించాను. రెండో రోజుకి జ్వరం కాసింది, విరేచనంలో బంకా రక్తమూ పడ్డాయి. ఆసుపత్రికి తీసుకెళ్లండి అన్నాను.

"రేపటికి తగ్గిపోతాది. నువ్వెల్లవే అనూరాధా," అంది జగ్గమ్మత్త.

పొట్లాలు పట్టిస్తున్నావా అని యమునను అడిగాను. "పట్టిస్తన్నానక్కా," అని కలిపిన నీళ్ల చెంబు చూపించింది. నమ్మాను. మూడో రోజూ అదే మాట, అదే చెంబు. అంత తేలిగ్గా ఎందుకు నమ్మానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ చెంబు నాకు చూపించడానికేనని తర్వాత తెలిసింది. పొట్లంలో ఉప్పుందని తెలిసి జగ్గమ్మత్త ఒక్క చెంచా కూడా పిల్ల నోట్లోకి వెళ్లనివ్వలేదు. "కడుపంతా పుండైపోనాది, ఉప్పు పోస్తే మండదేటి?" అని కోడలి నోరు మూయించింది. ఉప్పు లేని గంజి తేట, కాచిన నీళ్లు, మళ్లీ గంజి తేట. అన్నం లేదు, పప్పు లేదు. తన నిద్ర మానుకుని, పిల్లను ఒళ్లోంచి దించకుండా మూడు రోజులు చెంచాతో పట్టించింది. అంత ప్రేమగా చూసింది మరి. నాకు బాధగా ఉండేది అదే.

నాలుగో రోజు పొద్దున్న పది గంటలకు పిల్ల కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. తల్లీ, నానమ్మా, నేనూ 108 ఎక్కి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పరిగెత్తాం. దారిలో మళ్లీ ఫిట్స్ వచ్చాయి.

పిల్లల డాక్టరు పద్మకుమారి గారు వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి చూశారు. చక్కెర బాగా పడిపోయిందని వెంటనే గ్లూకోజు ఎక్కించారు. అయినా ఫిట్స్ ఆగలేదు.

"ఈ మూడు రోజులూ ఏం తాగించారమ్మా?"

యమున అత్త వైపు ఒకసారి చూసింది. "ఓఆర్‌ఎస్ అండి. పొట్లాలన్నీ పట్టించాం."

నేను చూసిన చెంబును తలుచుకుని నేనూ అవునన్నట్టు తల ఊపాను. అన్ని పొట్లాలు తాగిన పిల్లకు ఉప్పు పడిపోయి ఉండదు, జబ్బు మెదడు పొరలకే పట్టిందేమో, వెన్నులోంచి నీరు తీసి చూడాలేమో అని డాక్టరు గారు నర్సుతో అంటున్నారు.

అప్పుడు జగ్గమ్మత్త ముందుకొచ్చింది. ఊళ్లో ఎవరి దగ్గరా గొంతు తగ్గించని మనిషి, డాక్టరు గారికి చేతులు జోడించింది.

"కోడలు నాకు బయపడి అబద్దమాడతన్నాది తల్లీ. ఆ పొట్లాల నీల్లు ఒక్క సుక్క పట్టనియ్యలేదు నాను. మూడు రోజులూ సప్పిడి నీల్లే పోసినాను. నా మనవరాలు గుంటని నానే ఇలా సేసినాను."

డాక్టరు గారు తిట్టలేదు. రోజుకు ఎన్ని గ్లాసులు పోశారో అడిగారు. పరీక్ష కాగితం వచ్చేదాకా ఆగకుండా ఉప్పు ఎక్కువున్న సెలైన్ కొంచెం కొంచెంగా ఎక్కించారు. అరగంటకు ఫిట్స్ ఆగాయి. తర్వాత వచ్చిన కాగితం ఆవిడ మాటే నిజమని చెప్పింది. పిల్ల రక్తంలో ఉప్పు చాలా కిందికి పడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం దీపిక కళ్లు తెరిచింది కానీ ఎవర్నీ గుర్తుపట్టలేదు. తల్లి పిలిస్తే పైకప్పు కేసి చూసేది. ప్రాణం దక్కింది సరే, పిల్ల మునుపటిలా అవుతుందా అని అందరికీ భయం పట్టుకుంది.

"రక్త విరేచనాలైన ప్రతి పిల్లకీ ఇలా కాదు," అన్నారు డాక్టరు గారు. "ఈ పాప చిన్నది, బక్కది. జ్వరమా నూటనాలుగు. తిండి లేక చక్కెర పడింది, ఉప్పూ పడింది. పైగా ఆలస్యంగా తెచ్చారు. అన్నీ కలిసొచ్చి మెదడు మీద పడ్డాయి. అయినా చాలామంది తేరుకుంటారు. ధైర్యంగా ఉండండి." జగ్గమ్మత్త ఆ కారణాలన్నిటినీ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుని, మళ్లీ ఒకసారి చెప్పించుకుంది.

ఆసుపత్రిలో మూడో రోజు పొద్దున్న ఆవిడ ఇడ్లీ ముక్క తుంచి నోటి దగ్గర పెడితే, పిల్ల ఆ చెయ్యి తోసేసి "అమ్మ పెట్టాల" అంది. యమున ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఊరందరికీ మొదటి ముద్ద పెట్టిన ఆవిడ ఇడ్లీ కోడలి చేతికిచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. పిల్ల మనిషిని గుర్తుపట్టింది, అదే చాలంది.

తిరిగి ఊరొచ్చిన వారానికే మా ఊరి గంగులు ఇంటి నుంచి ఆవిడకు పిలుపొచ్చింది. పదకొండు నెలల పిల్లవాడికి విరేచనాలు. అలవాటు కొద్దీ గంజి కాచి ఉంచారు. జగ్గమ్మత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. "పాలు మాన్పించకు. ఈ పొట్లం నీల్లు పట్టు. రగతం పడినా, గుంటడు మత్తుగున్నా ఒక్క పూట ఆగొద్దు, బండెక్కించు. ఆగి నాను నా మనవరాలికి ఫిట్స్ తెచ్చినాను," అని అందరి ముందూ చెప్పింది. పన్నెండేళ్లుగా నేను చెబుతున్నవీ ఇవే, నేను చెబితే మాత్రం అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. కొంచెం కుళ్లు పుట్టింది కూడా.

ఇంట్లో మాత్రం ఆవిడ పిల్లకు చెంచా పట్టడం మానేసింది. కలుపు తీతలు మొదలైన రోజు నేను వాళ్ల వీధి అరుగు మీద రిజిస్టరు రాసుకుంటున్నాను. యమున దీపికను తెచ్చి అత్త ఒళ్లో కూర్చోబెట్టి, అన్నం గిన్నె పక్కన పెట్టింది.

"నన్నింకా నమ్ముతన్నావేటే?" అంది జగ్గమ్మత్త. చేతులు పిల్లను ముట్టుకోలేదు.

"డాక్టరమ్మ ముందు నాను అబద్దమాడినానత్తా," అంది యమున. "నువ్వాడలేదు. నువ్వు గానీ నోరిప్పకపోతే నా గుంట నాకుండేది కాదు. తినిపించు, నాను పొలానికెల్తన్నాను."