లైను పట్టుకుని కూర్చున్నవాళ్లు

ఐదు నిమిషాలు పెట్టింది హేమచంద్ర. మాట పడింది కల్పలత.

బేగంపేటలోని ఆ చిన్న ఇంటర్నెట్ కంపెనీకి హేమచంద్ర మేనేజరు. బోయిగూడ నుంచి వచ్చే కల్పలత అక్కడ డీఎన్ఎస్ సర్వర్లు చూసేది. మనం ఫోనులో ఏ సైటు పేరు కొట్టినా, అది ఎక్కడుందో ముందు ఆ సర్వరే చెప్పాలి. అలా అడిగేవాళ్లు సర్వర్‌తో మాట్లాడడానికి టీసీపీ అనే లైను తెరుస్తారు. మాటిమాటికీ తెరిచే పని లేకుండా కాసేపు అలాగే ఉంచుకుంటారు. ఊరికే ఉన్న లైనును ఐదు నిమిషాల దాకా తెంపకుండా హేమచంద్ర సెట్ చేశాడు. ఇంటర్ ఫలితాల రోజు పొద్దున్నే సర్వర్ మోయగలిగినన్ని లైన్లూ నిండిపోయాయి. అందులో సగం మంది ఏమీ అడగడం లేదు, పట్టుకుని కూర్చున్నారంతే. కొత్తవాళ్లకు చోటు లేదు. వాళ్ల కనెక్షన్లున్న మల్కాజ్‌గిరి అంతా నెట్ పోయింది. మీటింగులో హేమచంద్ర వేలు కల్పలత వైపు తిరిగింది. పెద్ద కుర్చీల్లో వేళ్లు ఎప్పుడూ కిందికే తిరుగుతాయి. ఆమెను సర్వర్ల దగ్గరి నుంచి తీసి ఫిర్యాదుల ఫోను ముందు కూర్చోబెట్టారు.

ఏడుస్తుందనుకున్నారు. ఆమెకేమో అక్కడ భలే కాలక్షేపమైంది. మల్కాజ్‌గిరి కుసుమకుమారి గారు నెట్ వచ్చాక కూడా ఫోను పెట్టేసేవారు కాదు. "వచ్చిందిలే అమ్మాయ్, ఇంతకీ ఇవాళ మీ ఇంట్లో కూరేంటి?" అనేవారు. ఎదురుచూసేవాళ్లు లేకపోతే కల్పలత కూర సంగతి తాలింపుతో సహా చెప్పేది. ఫోను మీద లైట్లు వరసగా వెలిగితే, "అమ్మా, జెర పెట్టేస్తరా? అవతల పదిమంది ఉన్నరు" అనేది. ఆవిడ నొచ్చుకోకుండా పెట్టేసేవారు. సగం మాటలో ఉన్నవాళ్లను మాత్రం ఎంత రద్దీలోనూ తెంపేది కాదు.

ఒకరోజు ఫోను పెట్టేసి, "సర్వర్‌కు సుత గిదే నేర్పాలె" అనుకుంది.

టెన్త్ ఫలితాల రోజు సర్వర్ మళ్లీ నిండింది. హేమచంద్ర దాన్ని ఆపించి మొదలుపెట్టించాడు. అందరూ ఒక్కసారే మీదపడి పది నిమిషాల్లో మళ్లీ నిండింది. చెమటలు తుడుచుకుంటూ ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఏమ్మా కల్పలతా, కాస్త చూడవూ?"

"చూస్తా సార్. గానీ ఆ ఐదు నిమిషాలు పెట్టిందెవరో మీటింగుల మీరే చెప్పాలె."

"ఇప్పుడదంతా ఎందుకమ్మా..."

"ఈ ఫోను లైట్లు చూడుండ్రి సార్. పరేషాన్ నాకా, మీకా?"

ఒప్పుకున్నాడు. ఆమె మార్చింది కొద్దిగానే. జనం పలచగా ఉంటే లైను ఎంతసేపున్నా సరే. నిండుతున్నకొద్దీ ఊరికే ఉన్న లైను గడువు సెకన్లకు తగ్గాలి, ఆ గడువేదో అవతలివాళ్లకు ముందే చెప్పాలి. జవాబు కోసం చూస్తున్న లైను జోలికి మాత్రం పోకూడదు. అరగంటలో ఫోను లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

మీటింగులో హేమచంద్ర మొదటి వరసకు మాత్రమే వినబడేలా తప్పు ఒప్పుకున్నాడు. "వెనకకు వినిపిస్తలేదు సార్," అంది కల్పలత. రెండోసారి గోడలకు కూడా వినబడింది. మర్నాడు సర్వర్లు ఆమె చేతికి తిరిగొచ్చాయి.

తరవాత అతను వేరే కంపెనీకి మారాడు. మొన్న బేగంపేటలో ఒక టిఫిన్ సెంటర్ దగ్గర, టోకెన్ల వరసలో ఆమెకు సరిగ్గా ముందున్నాడు. టోకెన్ చేతికొచ్చినా కదలకుండా, వెనక్కి తిరిగి, "అసలు ఆరోజు ఏం జరిగిందంటేనమ్మా..." అని మొదలుపెట్టాడు.

కల్పలత నవ్వింది.

"ఖాళీ ఉన్నప్పుడు రాండ్రి సార్, ఎంతసేపన్న మాట్లాడుకుందం. ఇప్పుడైతే జెర జరుగుండ్రి, వెనక పదిమంది ఉన్నరు."